ముదీరు గారి అక్కయ్య

మా ముత్తాతగారు మూడు గ్రామాలకు మున్సబు. ఆయన పడక్కుర్చీలో కూర్చుని ఉండగా ఎదుట కుర్చీ వేయించుకున్నవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరని చెప్పుకునేవారు. మా తాతగారు తాలూకా బోర్డు సభ్యులు, మా ఫిర్కాలో మొదటి మోటారు సైకిలు కొన్నవారు. పక్కన తొట్టి ఉన్న ఆ బండిని మద్రాసు నుంచి రైల్లో తెప్పించి, పంటు మీద గోదావరి దాటించిన రోజున చూడడానికి మూడు ఊళ్ళ జనం రేవుకు వచ్చారట. మా నాన్నగారికి పదవులేమీ లేవు. అయినా ఆయన వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడడం ఆయన పోయేదాకా ఆగలేదు. నేను దుబాయ్‌లో మోటారు సైకిళ్ళ విడిభాగాల గోదాములో స్టోరు కీపరుగా పనిచేసి వచ్చాను. ఈ వరస చెప్పుకోవడం నాకు సరదా కాదు, కానీ ఇది తెలియకపోతే తర్వాత సంగతి మీకు అర్థం కాదు.

కిందటి వారం షార్జా నుంచి మా అమ్మాయి, ఫోను నిండిపోయిందని పాత ఫోటోలు తీసేస్తూ, ఒకటి నాకు పంపింది. అందులో మా అక్కయ్య ఒక పొట్టి మోటారు సైకిలు పక్కన నిలబడి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి, మాస్కు గడ్డం కిందకు లాగి, పుట్టింటి పెళ్ళిలో ఫోటోకి నిలబడ్డట్టు నిలబడి ఉంది. కాకినాడలో మేమున్న అద్దె వాటాలో అక్కయ్య పక్కగదిలోనే ఉంటుంది. తీసుకెళ్ళి చూపించాను. పెద్దది చేయించి చూసుకుని, ఆ ముదీరబ్బాయి బాగున్నాడా అని అడిగింది. బాగానే ఉండి ఉంటాడన్నాను. అప్పటినుంచి ఆ రోజు నన్ను వదలడం లేదు.

కరోనా తగ్గుముఖం పట్టాక వచ్చిన రెండో చలికాలం అది. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో మా కంపెనీ సరుకు తగ్గించింది, తర్వాత మనుషుల్ని తగ్గించింది. ఒక ఉదయం మా పైఅధికారి రెండు చేతులూ దులుపుకుని ఖలాస్ అన్నాడు, నేను సంతకం పెట్టాను. నాకు యాభై తొమ్మిదేళ్ళు. వీసా రద్దయ్యాక ఇంకో పని చూసుకోవడానికి ఇచ్చే గడువులో సగం అప్పటికే గడిచిపోయింది. పని దొరక్కపోతే తిరిగి వచ్చేయాలి. ఊళ్ళో మా కుటుంబం పేరున ఇంకా ఏ కాస్తయినా అమ్మకుండా మిగిలి ఉందంటే, అది నేను నెలనెలా పంపడం వల్ల మిగిలిందే. నేను తిరిగి వస్తే అదీ మిగలదు. ఈ సంగతి నాకూ మా ఆవిడకూ తెలుసు, అల్లుడికి తెలుసు. అక్కయ్యకు మాత్రం తెలియదు. ఆవిడ అప్పుడే మా ఆవిడతో కలిసి మొదటిసారి విమానమెక్కి, విజిట్ వీసా మీద వచ్చి, షార్జాలోని రోలాలో మా అమ్మాయి ఫ్లాటులో దిగి ఉంది.

అక్కయ్యకు తెలియనిది ఇంకొకటి కూడా ఉంది. దాన్ని చెప్పాలంటే ముప్ఫై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

నేను మొదట చేరింది దుబాయ్ పాతబస్తీ డేరాలో, సందు లోపలి విడిభాగాల దుకాణంలో. కింది గదిలోంచి అట్టపెట్టెలు భుజాన పెట్టుకుని పైకి మోయడం నా పని. ఇంటి దగ్గర ఒక చెంబెడు నీళ్ళయినా ముంచుకోనివ్వకుండా పెంచిన భుజం అది, మొదటి నెల రోజులూ దాని మీద చెయ్యి ఆననిచ్చేవాణ్ణి కాదు. మూడో నెలలో, నాకు ఇంగ్లీషు చదవడం వచ్చునని తెలిసి, మధ్యాహ్నం పూట బిల్లులు సరిచూడడానికి మేనేజరు గదిలో ఒక మూల కుర్చీ వేశారు. కుర్చీ అన్న మాట మా ఇంట్లో ఎంత దూరం వెళుతుందో మీకు చెప్పనక్కర లేదు. మేనేజరును అక్కడ ముదీరు అంటారు. ఆ రాత్రే ఉత్తరం రాశాను. ఇక్కడ ముదీరు గదిలో నాకు కుర్చీ వేశారు, అరబ్బీలో ముదీరు అంటే చాలా పెద్ద హోదా అని. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నాన్నగారికి అప్పటికి చూపు తగ్గింది, ఉత్తరాలు అక్కయ్య చదివి వినిపించేది. ఏమిటే ఆ మాట అని ఆయన అడిగితే, తమ్ముణ్ణి ముదీరు చేశారట నాన్నా, కుర్చీ కూడా వేశారట అని చెప్పిందిట.

తర్వాత వచ్చిన కవరు మీద, దుకాణం పోస్టు బాక్సు నంబరు పైన, నా పేరుకు ముందు ఇంగ్లీషు అక్షరాలతో ముదీరు గారు అని రాసి ఉంది. టపా విడదీసేది మేనేజరే. లెబనాన్ మనిషి, మంచివాడు. ఆ కవరు చూసి, నన్ను చూసి, లేచి నిలబడి రెండు చేతులతో అందించాడు. ఆ వారమంతా దుకాణంలో అందరూ నన్ను యా ముదీర్ అనే పిలిచారు. ఆ రాత్రి నిజం రాద్దామని కాగితం తీసుకున్నాను. ఏం రాయాలో తోచక, ఇక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయని రాశాను. నాన్నగారు ముదీరు తండ్రిగానే పోయారు. అక్కయ్యకు భర్త పోయాక ఓదార్చడానికి వచ్చిన వాళ్ళతో కూడా, నాకేం లోటు, మా తమ్ముడు దుబాయ్‌లో ముదీరు అని చెప్పిందట. మన కాలంలో ఒక మాట ఊళ్ళోకి ప్రవేశించాక దాన్ని మళ్ళీ బయటకు పంపడం అంత తేలిక కాదు. నేను పంపాలని కూడా చూడలేదు.

ఆ ఫోటో తీసిన మ్యూజియం సంగతి చెప్పింది మా అల్లుడు. అతను కొరియరు వ్యాను నడుపుతాడు. షార్జా దాటి ధైద్ వెళ్ళే దారిలో, ఒక అరబ్బు ఆసామీ తన తోటలో స్పీడ్‌వే బండ్ల మ్యూజియం పెట్టాడు, విదేశాల నుంచి వచ్చే పెట్టెలు అక్కడికి తరచూ మా అల్లుడే చేరుస్తాడు. స్పీడ్‌వే అంటే గుండ్రని మట్టిబాట మీద మోటారు సైకిళ్ళ పందెం. ఆ ఆసామీ ఇంగ్లండులో చదువుకునే రోజుల్లో ఆ పందేలు చూసి మనసు పారేసుకుని, పాత బండ్లను ఒక్కొక్కటిగా కొని తెచ్చుకున్నాడట. అక్కడ ఒక మనిషి కావాలి. బండ్లు తుడవడం, నూనె పోయడం, విడిభాగాలు వరసగా పెట్టడం, అంతే. అక్కడి ముదీరుతో అల్లుడు నా గురించి మాట్లాడి ఉంచాడు. నేను వెళ్ళి కనిపించి సరే అంటే చాలు, వీసా కాగితాలు వాళ్ళే చూసుకుంటారు. అక్కయ్యకు అనుమానం రాకుండా, అందరం కలిసి విహారానికి వెళ్ళినట్టు వెళదాం, ఆడవాళ్ళు చుట్టూ తిరిగి చూస్తుంటారు, ఆఫీసు గది బయటకు వెళ్ళే చివర ఉంటుంది, మీరు అటునుంచి వెళ్ళి మాట్లాడి రండి అని అల్లుడి ఏర్పాటు.

శనివారం ఉదయం పులిహోర డబ్బాలూ, విస్తరాకులూ, చాపా, మంచినీళ్ళ సీసాలూ సర్దుకుని, అల్లుడి స్నేహితుడి పెద్ద కారులో బయలుదేరాం. మేమిద్దరం, అక్కయ్య, అమ్మాయి, అల్లుడు, ఏడేళ్ళ మనవరాలు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో నా పాత అనుభవ పత్రాలు మడిచి పెట్టుకున్నాను. దారి పొడుగునా అక్కయ్య ఇసకను చూస్తూ, ఇంత నేల ఉండి ఒక్క గట్టూ లేదేమిటి, ఎవరిది ఎంతవరకో ఎలా తెలుస్తుంది అని అడుగుతూనే ఉంది.

లోపల హాలు అచ్చం పందెం బాటలాగే కోడిగుడ్డు ఆకారంలో కట్టారు. గోడ వెంట బండ్లు, ఫోటోలు. నడుమ రాళ్ళు పరిచిన గుండ్రం. స్పీడ్‌వేలో బండ్లు ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి కాబట్టి, చూడడానికి వచ్చిన వాళ్ళు కూడా ఆ నడుమ గుండ్రం ఎడమ చేతికి వచ్చేలా నడవాలని నేల మీద బాణాలు వేశారు. అందరూ అటే నడుస్తున్నారు. అక్కయ్య గుమ్మంలో ఆగిపోయింది.

"ఇదేమిట్రా, అపసవ్యంగా తిరగమంటున్నారు, శవం చుట్టూ తిరిగినట్టు. నేను తిరగను."

ఇది గుడి కాదు అక్కయ్యా అన్నాను. ఎక్కడైనా తిరుగుడు తిరుగుడే అంది. గుమ్మం దగ్గరి కాపలాదారు, మేడమ్ ఉధర్ నహీ, ఇధర్ సే, అని చెయ్యి చూపిస్తున్నాడు. ఆవిడ వినకుండా మనవరాలి చెయ్యి పట్టుకుని, బాణాలకు ఎదురుగా, నడుమ గుండ్రం కుడిచేతికి ఉంచుకుని సాగిపోయింది. ఇంటికి పెద్దావిడ నడిచాక మేమంతా వెనకాలే నడిచాం. ఎదురొచ్చే వాళ్ళకు సారీ చెప్పుకుంటూ అమ్మాయి నవ్వుతోంది. అల్లుడు మాత్రం పాలిపోయి నా మొహం చూశాడు. బయటకు వెళ్ళే చివర ఉన్న ఆఫీసు గది, మా దారిలో మొదటే రాబోతోంది.

అలా మేము ఆ మ్యూజియాన్ని చివరి నుంచి చూశాం. మొదట కనబడినవి మూతబడిన మైదానాల ఫోటోలు, గడ్డి మొలిచిన బాట, తాళం పడిన గేటు, కూల్చి దుకాణాలు కట్టిన స్థలం. ఆ తర్వాత వంగిపోయిన చక్రాలు. నడుస్తున్న కొద్దీ ఫోటోల్లో జనం పెరుగుతారు, టోపీలు పెరుగుతాయి, గెలిచిన కప్పులు పెరుగుతాయి. ఆ వరసలో చూడడం నాకు కొత్తగా అనిపించలేదు. నా చిన్నతనమంతా నేను మా ఇంటిని అలాగే చూశాను, ఖాళీ ధాన్యపు కొట్టు ముందు కనబడి, అందులో ఒకప్పుడు ఏముండేదో తర్వాత ఎవరో చెప్పడం.

ఆఫీసు అద్దాల తలుపు తెరుచుకుని ఒక యాభై ఏళ్ళ మనిషి, వేళ్ళు గుడ్డతో తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. అల్లుడికి ఇంకేమీ తోచక, పెద్దమ్మగారూ, ఈయనే ఇక్కడి ముదీర్, మన తెలుగాయనే, జగిత్యాల దగ్గర, అన్నాడు. మా అక్కయ్య మొహం వెలిగిపోయింది.

"ముదీరా బాబూ. మా తమ్ముడూ ముదీరే. నిన్నా మొన్నా కాదు, ముప్ఫై ఏళ్ళ నుంచి."

ఆ మనిషి నా వంక చూశాడు. నేను ఎవరో, ఎందుకు వచ్చానో అతనికి ముందే తెలుసు. నా జేబులో మడత పెట్టిన కాగితాలు కూడా చొక్కా పైకి కనబడుతున్నాయి.

"అట్లనా అమ్మా. నేనైతే మొన్నమొన్ననే అయిన. సార్ అప్పటి ముదీర్ అంటే మాకు పెద్దాయననే. రాండ్రి, కూసోండ్రి."

కుర్చీలు తెప్పించాడు. చాయ్ తెప్పించాడు. అక్కయ్య కూర్చుని, పొరుగూరి సంబంధం వాళ్ళను విచారించినట్టు విచారించింది. ఎంతమంది పిల్లలు, ఊళ్ళో ఎవరున్నారు, ఎన్నేళ్ళయింది వచ్చి. మొదట గోడలకు సున్నం వేసే పనికి వచ్చిన, పదేండ్లు క్యాంపుల ఉన్న అని అతను దాచకుండా చెప్పాడు. అంత తేలిగ్గా చెప్పగలగడం నాకు వింతగా ఉంది.

"మరి నీ కింద ఎంతమంది బాబూ?"

"ముగ్గురమ్మా. ఇంకొకని జాగ ఖాళీగుంది. తెలిసినోడు దొరుకుతలేడు."

"ఏం పని?"

అతను చాయ్ కప్పు చూసుకుంటూ చెప్పాడు. "బండ్లు తుడ్వాలె, నూనె పొయ్యాలె, పార్టులు సదరాలె. గంతే. పని చిన్నదే గాని, తెలివిగల్ల చెయ్యి కావాలె."

"ఆ మాత్రం పనికి మనుషులకేం బాబూ. మా తాతగారి మోటారు తుడవడానికే ఇద్దరుండేవారు, ఒకడు ముందు చక్రానికి, ఒకడు వెనక చక్రానికి. మా తమ్ముడి కింద పనిచేసే వాళ్ళలో ఎవణ్ణయినా పంపిస్తాడులే. ఏరా?"

మా ఆవిడ చీర చెంగు సవరించుకుంటూ నేల చూసింది. ఆ పనికి వచ్చినవాణ్ణి నేనే అక్కయ్యా అనడానికి నాలుగు మాటలు చాలు. చూస్తాను అన్నాను.

తర్వాత ముదీరే వెంట ఉండి అన్నీ చూపించాడు. ఒక బండి దగ్గర అక్కయ్య ఆగి, ఇక్కడ ఆముదం వాసనొస్తోందిరా, బాలింత గదిలో లాగ, అంది. ఆముదమేనమ్మా, గీ ఇంజన్లకు ఆముదం నూనెనే పోస్తరు, అని అతను సీసా మూత తీసి చూపించాడు. పందెంగాళ్ళు ఎడమ కాలికి మాత్రం తొడుక్కునే ఇనప చెప్పు చూసి మనవరాలు రెండోది ఎక్కడని అడిగింది. బ్రేకులు ఎక్కడున్నాయని నేను వెతుకుతుంటే, ఉండయి సార్ అన్నాడు. బ్రేకు లేకపోతే ఎలా ఆపుతారు బాబూ అని అక్కయ్య అడిగింది.

"ఆపుడు ఉండదమ్మా. చెయ్యి వదిలేస్తే మెల్లగ అదే ఆగుతది."

అక్కడే అక్కయ్య హ్యాండిల్ మీద చెయ్యి వేసింది, అమ్మాయి ఫోటో తీసింది.

వాళ్ళు కప్పుల బీరువా దగ్గర ఉండగా, అతను నన్ను పక్కనున్న విడిభాగాల గదిలోకి పిలిచాడు. అరలన్నీ కలగాపులగంగా ఉన్నాయి. గొలుసు చక్రాలు పళ్ళ లెక్క ప్రకారం ఉండవలసినవి ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి. నేను అతని మాటలు వింటూనే, తెలియకుండా, ఒక అరలోని వాటిని చిన్నవి ముందుకూ పెద్దవి వెనక్కూ మార్చేశాను. అతను ఆగి చూశాడు.

"సార్, మీ చేతికి పని ఎరుకే. సోమవారం దాక ఎవ్వరిని తీసుకోను. ఒక్క ఫోన్ కొట్టుండ్రి. అమ్మకు చెప్పే పనే లేదు. ఈడ కూడా మిమ్ముల సార్ అనే అంటం."

అతను మంచికే అన్నాడు. ఇంతకంటే మర్యాదగా ఆ మాట ఎవరూ అనలేరు. అయినా నాకు వెన్ను నిటారుగా బిగుసుకుపోయింది. ఇన్నాళ్ళూ నా అబద్ధం నా వాళ్ళ మధ్యే ఉంది, నేను లేని చోట ఉంది. ఇక మీదట దాన్ని ఎరిగిన మనిషి ఒకడు, సున్నం పనికి వచ్చినవాడు, రోజూ ఉదయం నా చేతికి తుడుపుగుడ్డ ఇస్తూ సార్ అంటాడు. ఆ రోజు నేను దాన్ని ఆత్మగౌరవమనుకున్నాను. అతను మోసుకొచ్చిన గతాన్ని అతను చెప్పుకోగలిగాడు, నేను చెప్పుకోలేకపోయాను, అంతే జరిగింది.

మధ్యాహ్నం తోటలో చెట్ల కింద చాప పరిచాం. అక్కయ్య పట్టుబట్టి అతణ్ణి భోజనానికి కూర్చోబెట్టింది. ముదీర్లిద్దరూ పక్కపక్కన కూర్చోండర్రా అని, తన చేత్తో ఇద్దరికీ పులిహోర వడ్డించింది. మాయమ్మ గిట్లనే చేసేది, అన్నాడతను, ఆమె బీడీలు చేసి మమ్మల్ని సాకింది అన్నాడు. అక్కయ్య అతనికి ఇంకో రెండు గరిటెలు వేసింది. తిన్నాక అతను చేతులు కడుక్కుని, నా ఎంగిలి ఆకు కూడా తనే తీయబోయాడు. నేను తీయనివ్వలేదు.

సోమవారం నేను రోలా వీధుల్లో తిరిగాను. బట్టల దుకాణాల ముందు, బస్సుల దగ్గర, పార్కు అంచున, ఫోను చేతిలో పట్టుకునే నడిచాను. అతని నంబరు రెండుసార్లు తెర మీదకు తెచ్చుకున్నాను. రెండు రోజులు పోయాక అల్లుడు చెప్పులు విప్పుకుంటూ, ఎవరో నేపాలీ అబ్బాయి చేరాడట మామయ్యా, అని లోపలికి వెళ్ళిపోయాడు. రాత్రి మా ఆవిడ ఒక్క మాట అంది. నేనైనా చెప్పేసేదాన్ని, వదినగారి మొహం చూశాక నోరు రాలేదు అని.

గడువు అయిపోగానే ముగ్గురం కలిసే వచ్చేశాం. విమానంలో పక్కసీటు ఆవిడతో అక్కయ్య, మా తమ్ముడు ముదీరుగా రిటైరై వస్తున్నాడు, ఇంకా ఉండమని వాళ్ళు బతిమాలారు కానీ వీడే చాలన్నాడు అని చెబుతుంటే, నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. అలసట నటించనక్కర లేకపోయింది.

ఇప్పటి పిల్లలకు ఈ అవస్థ లేదు. మా మనవరాలు వాళ్ళ నాన్న వ్యాను నడిపే ఫోటో బడిలో అందరికీ చూపిస్తుంది. ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో ఆ పూటే అందరి ఫోన్లలో కనబడిపోతుంది, ఒక ఉత్తరం తప్పు చదివితే దాని మీద ముప్ఫై ఏళ్ళు బతికే వీలు ఇవాళ ఎవరికీ లేదు. అది మంచిదే అనుకుంటాను. చూపు తగ్గిన తండ్రికి కూతురు ఉత్తరం చదివి వినిపించే ఆ సాయంత్రాలు కూడా దాంతోపాటే పోయాయి, వాటిని వేరు చేసి ఒకటి ఉంచుకోవడం కుదరలేదు. అక్కయ్యకు నేను ఈనాటికీ చెప్పలేదు. ఆవిడ గౌరవాన్ని కాపాడానని కొన్నాళ్ళు అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవడానికి కూడా ఓపిక లేదు.

మేము తిరిగి వచ్చిన వేసవిలో, అక్కయ్య పెళ్ళికి నాన్నగారు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరన్నర కొబ్బరి తోట అమ్మేశాం. సంతకం ఆవిడే పెట్టింది.